కొనుగోలులో ధర్మమెంత?

దానము, వ్యాపారము అను రెండును మానవ సమాజమునకు ప్రాచీనమైనవే. అయితే మన పూర్వులు ఈ రెండింటిని కలిపి చూడలేదు. అంగడిలో బేరమాడినప్పుడు మనిషి కొనుగోలుదారు. గుమ్మము ముందు నిలిచిన బీదకు పిడికెడు బియ్యము పెట్టినప్పుడు దాత. మొదటి పనిలో ఇచ్చిన సొమ్ముకు వస్తువు వచ్చును. రెండవ పనిలో ఏమియు రాదు. నేడు ఈ రెండు పనులను ఒకే రశీదులో చేర్చిన పద్ధతి ఒకటి లోకమంతట వ్యాపించినది. పెదవులకు పూసుకొను రంగు డబ్బీపై, ముఖమునకు రాసుకొను క్రీము పెట్టెపై, చొక్కా మెడకు వ్రేలాడు చీటీపై "ఈ కొనుగోలులో కొంత భాగము వ్యాధిగ్రస్తులకు", "ఒక జత మీకు, ఒక జత పేద బాలునికి" వంటి మాటలు కనిపించుచున్నవి.

విద్యార్థినీ విద్యార్థులకు ఈ విషయము చిన్నది కాదు. నెల ఖర్చుకు ఇంటి నుండి వచ్చు కొద్ది సొమ్ములో వస్త్రములకు, అలంకరణ సామగ్రికి పోవు భాగము తక్కువ కాదు. ఆ వయసున దయాగుణము కూడ నిండుగా ఉండును. ఈ రెండింటిని ఎరిగిన వ్యాపారి దయ పేరు చెప్పి తన సరకును అమ్మజూపినప్పుడు, ఆ మాటలో నిజమెంతో చూచుకొనవలసిన బాధ్యత కొనువారిదే. ఇట్టి కొనుగోలు మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చుట మా ఉద్దేశము కాదు. ఇచ్చునది ఎవరు, ఎంత, ఎవరికి అను మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచోట అది మేలైన పని. దొరకనిచోట అది ప్రకటన మాత్రమే. ఈ మాటను ఉదాహరణలతో వివరించుటకే ఈ వ్యాసము.

పూర్వరంగము

ధర్మబుద్ధితో వస్త్రము కొనుట మన దేశమునకు క్రొత్త సంగతి కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలమున ఖద్దరు కొన్నవారు కేవలము గుడ్డ కొనలేదు. పల్లెలో రాట్నము ముందు కూర్చున్న స్త్రీకి కూలి ఇచ్చుచున్నామను భావముతో కొన్నారు. 1925లో గాంధీజీ ఆధ్వర్యమున అఖిల భారత చరఖా సంఘము ఏర్పడినది. శ్రీకాకుళము జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రపరచి, అతి సన్నని నూలు వడికిన స్త్రీల పనితనము ఆ కాలముననే దేశమంతట పేరు పొందినది.

అయితే ఖద్దరు చౌకగా ఉండవలెనను కోరిక వలన వడుకువారి కూలి మిక్కిలి తక్కువగా ఉండెడిది. 1935లో గాంధీజీ పట్టుదల మీద చరఖా సంఘము, వడుకువారికి బ్రతుకుటకు చాలినంత కనీసపు కూలి దక్కవలెనను సూత్రమును అంగీకరించినది. దాని వలన ఖద్దరు ధర పెరుగునని తెలిసియే అంగీకరించినది. కొనువాని దయ పనివాని చేతికి చేరవలెనను న్యాయము ఈ నిర్ణయములో ఉన్నది. ముందు చెప్పబోవు ఉదాహరణలను పరిశీలించునప్పుడు పాఠకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

పాశ్చాత్య దేశములలో ఈ పద్ధతికి నేటి రూపము 1983లో వచ్చినదని చెప్పుదురు. న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా ప్రతిమ శిథిలమగుచుండగా, దాని మరమ్మతు కొరకు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ఒక ఏర్పాటు చేసినది. తన కార్డుతో జరిగిన ప్రతి కొనుగోలుకు ఒక సెంటు, క్రొత్తగా ఇచ్చిన ప్రతి కార్డుకు ఒక డాలరు ఆ నిధికి ఇత్తునని ప్రకటించినది. కొద్ది నెలలలో సుమారు 17 లక్షల డాలర్లు ప్రోగైనవి. అదే సమయమున ఆ కార్డు వాడకము నాలుగవ వంతుకు పైగా పెరిగినది. ప్రతిమయు బాగుపడినది, సంస్థయు బాగుపడినది. ధర్మము పేరు చెప్పినచో అమ్మకము పెరుగునను పాఠమును తరువాతి సంస్థలన్నియు ఇక్కడనే నేర్చినవి. ఇందులో తప్పేమియు లేదు. కాని సంస్థ ఇచ్చు విరాళము త్యాగము మాత్రమే కాదని, అది పెట్టుబడి కూడ అని మనము ఎరిగియుండవలెను.

మూడు విధములు

వస్త్ర, సౌందర్య సామగ్రి సంస్థలు ధర్మకార్యములకు తోడ్పడు తీరును స్థూలముగా మూడు విధములుగా విభజింపవచ్చును.

మొదటిది, ధర యావత్తు ఇచ్చుట. కెనడా దేశమున టొరంటో నగరములో పుట్టిన మ్యాక్ అను సౌందర్య సామగ్రి సంస్థ 1994లో వివా గ్లామ్ అను పేర ఒక లిప్‌స్టిక్‌ను విడుదల చేసినది. పన్ను పోను దాని అమ్మకపు ధర మొత్తము ఎయిడ్స్ సహాయ నిధికి చేరునట్లు నియమము పెట్టినది. లాభము కాదు, ధర మొత్తము. అది ఆ వ్యాధి పేరు పలుకుటకే జనులు జంకిన కాలము. నేడున్న మిశ్రమ ఔషధ చికిత్స 1996 ప్రాంతమున గాని అందుబాటులోకి రాలేదు. అట్టి సమయమున అలంకరణ వస్తువుల అంగడిలో ఆ వ్యాధి మాట నలుగురి ముందు చెప్పుటయే ఒక సేవ. తరువాత ఆ నిధి ఇతర సామాజిక కార్యములకు కూడ విస్తరించినది. ఈ విధముగా సమకూరిన ధనము 50 కోట్ల డాలర్లకు మించినది. ఇందులో సంస్థకు లాభము లేదా? కలదు. ఆ ఒక్క వస్తువు కొరకు అంగడికి వచ్చినవారు మరి నాలుగు వస్తువులు కొందురు. సంస్థకు మంచి పేరు వచ్చును. అయినను ఇచ్చువారెవరో, ఎంత ఇచ్చుచున్నారో, ఎవరికి చేరుచున్నదో ఇచట స్పష్టము. కావున దీనిని మేలైన ఉదాహరణగా ఎన్నవచ్చును.

రెండవది, ధరలో గాని లాభములో గాని కొంత భాగము ఇచ్చుట. ఎక్కువ సంస్థలు అనుసరించు మార్గమిదియే. దీనికి గులాబి రంగు రిబ్బను చరిత్ర మంచి నిదర్శనము. అమెరికాలో చార్లొట్ హేలీ అను వృద్ధురాలు తన కుటుంబమువారు రొమ్ము క్యాన్సరుతో పడిన బాధను చూచి, లేత నారింజ రంగు రిబ్బనులను స్వయముగా చేసి పంచెడిది. జాతీయ క్యాన్సరు సంస్థ వ్యయములో వ్యాధి నివారణకు పోవునది 5 శాతమే అని తెలుపు చీటీని ప్రతి రిబ్బనుకు జతచేసెడిది. 1992లో ఒక ప్రముఖ మహిళా పత్రికయు, ఎస్టీ లాడర్ సౌందర్య సామగ్రి సంస్థకు చెందిన ఎవెలిన్ లాడరును రొమ్ము క్యాన్సరు ప్రచారమును చేపట్టి ఆమె రిబ్బనును కోరగా, అది వ్యాపారమైపోవునని ఆమె నిరాకరించినది. అంతట రంగు మార్చి గులాబి రిబ్బనును ప్రవేశపెట్టినారు. ఆ సంస్థ అంగళ్లలో అది లక్షల సంఖ్యలో పంపిణీ అయినది. ఎవెలిన్ లాడర్ 1993లో స్థాపించిన రొమ్ము క్యాన్సరు పరిశోధన నిధి శాస్త్రజ్ఞులకు విశేషముగా తోడ్పడినది. ఆ మేలును కాదనుట న్యాయము కాదు.

కాని హేలీ భయమును నిజమైనది. ఒక గుర్తుకు జనాదరణ కలిగిన పిదప ప్రతివారును దానిని తమ పెట్టెపై ముద్రించుకొనజూతురు. విరాళము ఇచ్చువారును ముద్రించినారు, నామమాత్రముగా ఇచ్చువారును ముద్రించినారు. క్యాన్సరు కలిగించునను అనుమానమున్న రసాయనములు గల వస్తువులపై కూడ ఆ రిబ్బను కనిపించుచున్నదని విమర్శలు వచ్చినవి. 2002లో బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అను సంఘము, గులాబి వస్తువు కొనుటకు ముందు ప్రశ్నింపుడని కొనుగోలుదారులకు బోధించు ఉద్యమమును ప్రారంభించినది. 2012లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఇట్టి అమ్మకములకు కొన్ని మార్గదర్శక సూత్రములను ప్రకటించినాడు. విరాళమెంతో కొనువారికి సులభముగా తెలియవలెను. విరాళము అమ్మకముతో నిమిత్తము లేక ముందే నిర్ణయమై ఉన్నచో ఆ సంగతి చెప్పవలెను. చివరకు ఎంత ప్రోగైనదో ప్రజలకు తెలుపవలెను అనునవి వానిలో ముఖ్యమైనవి.

మూడవది, వస్తువుకు వస్తువు ఇచ్చుట. బ్లేక్ మైకోస్కీ అను అమెరికను యువకుడు అర్జెంటీనాలో చెప్పులు లేని బాలలను చూచి, 2006లో టామ్స్ అను పాదరక్షల సంస్థను స్థాపించినాడు. ఒక జత అమ్ముడైనచో ఒక జత పేద బాలునికి ఇచ్చుట దాని నియమము. ఇంతకంటె సులభముగా మనసునకు పట్టు లెక్క మరియొకటి లేదు. సంస్థ శీఘ్రముగా పెరిగినది. కొంతకాలమునకు ఆర్థిక శాస్త్రజ్ఞులు ఎల్ సాల్వడార్ దేశమున ఆ పాదరక్షలు పొందిన గ్రామములను పరిశోధించినారు. బాలలు వానిని ఇష్టపడి ధరించినారు గాని, వారి ఆరోగ్యమున చెప్పుకొనదగిన మార్పు కనిపించలేదు. తమ కుటుంబ అవసరములను ఇతరులే తీర్చవలెనను భావము మాత్రము ఆ పాదరక్షలు పొందిన బాలలలో కొంత హెచ్చుగా కనిపించినది. ఈ పరిశోధనకు సంస్థయే సహకరించుట ప్రశంసనీయము. 2019 నుండి సంస్థ తన పద్ధతిని మార్చుకొనుచు వచ్చి, తరువాత లాభములలో మూడవ వంతును స్థానిక సేవాసంఘములకు ఇచ్చు విధానమును చేపట్టినది. ఈయదలచిన వస్తువు పుచ్చుకొనువాని అవసరమును బట్టి ఉండవలెను గాని, ఇచ్చువాని అంగడిలోని సరకును బట్టి ఉండరాదని దీనివలన తెలియుచున్నది.

లెక్కలోని మర్మము

"కొంత భాగము" అను మాటను విద్యార్థులు గణితశాస్త్ర దృష్టితో చూడవలెను. 400 రూపాయల ధర గల ఒక క్రీము డబ్బీ ఉన్నదనుకొందము. "అమ్మకపు ధరలో 5 శాతము" అని వ్రాసినచో విరాళము 20 రూపాయలు. "లాభములో 5 శాతము" అని వ్రాసినచో, ఆ డబ్బీపై లాభము 40 రూపాయలైన, విరాళము 2 రూపాయలే. "లాభములో 1 శాతము" అయినచో 40 పైసలు. పెట్టెపై అక్షరముల పరిమాణము మాత్రము మూడింటికిని ఒక్కటే.

మరియొక మర్మము గరిష్ఠ పరిమితి. డబ్బీకి 20 రూపాయల చొప్పున ఇత్తుము గాని మొత్తము 10 లక్షలకు మించదు అని సంస్థ నిర్ణయించుకొన్నదనుకొందము. 50,000 డబ్బీలు అమ్ముడైన వెంటనే ఆ మొత్తము నిండును. 50,001వ డబ్బీ కొన్నవాని వలన రోగికి ఒక్క పైసయు చేరదు. కాని అతడును అదే తృప్తితో ఇంటికి పోవును.

ఇక మూడవ మర్మము అవసరము లేని కొనుగోలు. అవసరమున్న వస్తువును ధర్మకార్యమునకు తోడ్పడు సంస్థ వద్ద కొనుట వివేకము. అవసరము లేకున్నను, 20 రూపాయల విరాళము కొరకు 400 రూపాయలు వెచ్చించుట వివేకము కాదు. ఆ 400 రూపాయలలో 50 రూపాయలు నేరుగా ఆసుపత్రి నిధికి ఇచ్చినచో రోగికి రెండున్నర రెట్లు చేరును. మనకు 350 రూపాయలు మిగులును.

మన దేశపు చట్టములు

2013 నాటి కంపెనీల చట్టములోని 135వ నిబంధన 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. నికర ఆస్తి 500 కోట్లు గాని, వార్షిక వ్యాపారము 1,000 కోట్లు గాని, నికర లాభము 5 కోట్లు గాని గల కంపెనీ, గత మూడు సంవత్సరముల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. కావున పెద్ద కంపెనీ చేయు సేవలో చట్టము విధించిన భాగమెంతో, స్వచ్ఛందముగా ఇచ్చిన భాగమెంతో వేరుచేసి చూడవలెను. తన సరకు ప్రచారమునకై ప్రాయోజకత్వ పద్ధతిన చేసిన ఖర్చు ఈ లెక్కలోనికి రాదని 2021లో సవరించిన నియమములు స్పష్టముగా చెప్పుచున్నవి. ప్రచారము వేరు, సేవ వేరు అని చట్టమే గీత గీసినదన్నమాట.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను నిషేధించుచున్నది. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అట్టి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపగలదు. ధర్మము పేర అసత్యము పలికిన ప్రకటన దీనికి అతీతము కాదు. ఫిర్యాదు చేయదలచినవారు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

కుట్టిన చేతులు

ఇంతవరకు వస్తువు అమ్ముడైన పిదప జరుగు దానమును గూర్చి చెప్పినాము. వస్తువు తయారగుచున్నప్పుడు జరుగు న్యాయమును గూర్చియు ఆలోచింపవలెను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపమున సవార్‌లో రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనము కూలిపోయినది. అందులోని కర్మాగారములు ఐరోపా, అమెరికా దేశముల పేరుపొందిన సంస్థలకు దుస్తులు కుట్టెడివి. ముందురోజే గోడలు బీటలు వారినవి. అయినను పనివారిని లోనికి పంపినారు. 1,134 మంది మరణించినారు. సుమారు 2,500 మంది గాయపడినారు. మృతులలో అధిక సంఖ్యాకులు పేద యువతులు. ఒక సంస్థ లాభములో కొంత తీసి అనాథ బాలలకు ఇచ్చి, తన చొక్కా కుట్టు తల్లికి చాలని కూలి ఇచ్చినచో, ఆ దానము క్రొత్త అనాథలను సృష్టించుచున్నదనవలెను. చరఖా సంఘము 1935లో గ్రహించిన సత్యమిదియే: వస్త్రము విషయమున మొదటి ధర్మము కూలి.

ఈ న్యాయమును వ్యాపారములో నిలుపజూచినవారు లేకపోలేదు. ఇంగ్లండులోని బ్రైటన్‌లో 1976న అనీటా రాడిక్ స్థాపించిన బాడీ షాప్ సంస్థ, పేద దేశములకు భిక్ష కాక వ్యాపారము కావలెనను నినాదముతో, ఘనా దేశపు స్త్రీల సంఘముల నుండి షియా గింజల వెన్న వంటి ముడిసరకును నేరుగా కొనుచు వచ్చినది. అయితే ఆ సంస్థ బ్రిటిష్ విభాగము 2024లో దివాలా ప్రక్రియలో పడినది. దూరదేశపు ఒక్క పెద్ద కొనుగోలుదారును నమ్ముకొన్న జీవనోపాధికి ఉండు అపాయమును ఇది హెచ్చరించుచున్నది.

మన దేశమున 1984లో లక్నో నగరమున ఏర్పడిన సేవా సంస్థ చరిత్ర మన విద్యార్థినులు తెలిసికొనదగినది. చికన్ కుట్టుపని చేయు స్త్రీలలో అధికులు ముస్లిం కుటుంబములవారు. ఇంటి నాలుగు గోడల మధ్య, దళారి విసిరిన కొద్ది పైసలకు వారు కన్నులు పోగొట్టుకొనుచుండిరి. వారిని సంఘటితపరచి, సరకును నేరుగా అమ్మి, న్యాయమైన కూలి దక్కునట్లు ఆ సంస్థ చేసినది. మన తెలుగునేలపై ఉజ్రమ్మగారి కృషితో రూపొందిన మల్ఖా వస్త్రము, చిన్న యంత్రములపై నూలు తీసి మగ్గముపై నేయించి, పత్తి రైతును, నేతగానిని దగ్గర చేయుటకు చేసిన ప్రయత్నము. హైదరాబాదు పాతబస్తీ ఇండ్లలో కార్చోబు చట్రము ముందు వంగి జరీపని చేయువారు, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్క గాజులను లాడ్ బజారుకు చేసి ఇచ్చువారు మనకు పరాయివారు కారు. మన సహాధ్యాయులలో కొందరి తల్లులు, అక్కలు ఇట్టి పనియే చేయుచుందురు. వారి పనికి సరియైన వెల ఇచ్చుట ఏ పెట్టెమీదను ముద్రింపబడదు. కాని అది నిశ్చయముగా వారి ఇంటికి చేరును.

దానమునకు బదులు కాదు

ఇస్లాము ధర్మమున జకాత్ విధిగా చెల్లింపవలసినది. నియమిత పరిమాణమునకు మించి, చాంద్రమాన సంవత్సరము పాటు నిలిచిన ధనములో 2.5 శాతము దానికి లెక్క. పుచ్చుకొనదగిన వారెవరో ఎనిమిది వర్గములుగా నిర్ణయింపబడియున్నది. ఎంత, ఎవరికి అను ప్రశ్నలకు అక్కడ అస్పష్టత లేదు. ఇచ్చువాడు ప్రతిఫలము కోరడు. ఇచ్చుచున్నాననెడి సంకల్పము అతనిదే. వస్తువు కొనునపుడు మనము చెల్లించునది వెల, విరాళమిచ్చునది సంస్థ. కావున ఒక పరిమళపు సీసా కొని జకాత్ గాని, సదఖా గాని తీరినదనుకొనుట పొరపాటు. ఇతర మతములవారు తమ ఆచారము ననుసరించి చేయు దానములకును ఈ మాట వర్తించును. కొనుగోలు వలన కలుగు మేలు దానమునకు తోడు కావచ్చును గాని, దానికి బదులు కాజాలదు.

మన కర్తవ్యము

విద్యార్థినీ విద్యార్థులు అంగడిలో వేయవలసిన ప్రశ్నలు కొన్నియే. ఈ వస్తువు నాకు నిజముగా అవసరమా? విరాళము రూపాయలలో ఎంత? అది ధరలోనా, లాభములోనా? దానికి పరిమితి, గడువు కలవా? పుచ్చుకొను సంస్థ పేరేమి? గత సంవత్సరము ఎంత ఇచ్చినారో ప్రకటించినారా? ఈ వస్తువును చేసినవారికి ఏమి దక్కినది? పెట్టెపై "ధర్మకార్యములకు" అని మాత్రము వ్రాసి, ఏ సంస్థ పేరును చెప్పనిచోట దానిని లేనట్లే ఎంచి, వస్తువు నాణ్యమును, ధరను మాత్రము చూచి కొనవలెను.

కళాశాల కమిటీ పెద్దలకును మేము వినయముతో ఒకటి రెండు సూచనలు చేయుచున్నాము. వార్షికోత్సవమున అతిథులకు కప్పు శాలువాలు, విద్యార్థులకు ఇచ్చు సంచులు, ఏకరూప దుస్తుల గుడ్డ ఏటేట కొనవలసినవే. వీనిలో కొంత భాగమైనను చేనేత సహకార సంఘముల నుండి, స్త్రీల కుట్టుపని సంఘముల నుండి నేరుగా కొనవచ్చును. పేద విద్యార్థుల నిధికి కొంత భాగము ఇత్తుమని చెప్పి ఏ వ్యాపారియైనను కళాశాల ఆవరణలో అంగడి పెట్టుకొనగోరినచో, ఎంత ఇచ్చునో, ఏ తేదీలోపల ఇచ్చునో ముందుగా వ్రాతమూలకముగా తీసికొని, ముట్టిన సొమ్ముకు రశీదును నోటీసు బోర్డుపై పెట్టవలెను. అది అవిశ్వాసము కాదు. పరీక్ష ఫీజు కట్టలేక నిలిచిపోవు విద్యార్థికి ఆ నిధి రూపాయి ఎంతటిదో ఎరిగినవారు లెక్క అడుగుటకు సంకోచింపరు.

దయను నమ్మి కొన్నవాడు ఒకసారి మోసపోయినచో, మరుసటిసారి నిజమైన రోగి కొరకు చేయి చాచినవానిని కూడ అనుమానించును. ఆ నష్టము వ్యాపారికి కాదు, రోగికి. అందువలన ప్రశ్నించుట దయకు విరోధము కాదు. దయను కాపాడు మార్గమదియే. అలంకరించుకొనుట యౌవనమునకు సహజము. ఆ అలంకరణ వలన మరియొకరి ఇంట దీపము వెలుగవలెనను కోరిక అంతకంటె ఉత్తమము. ఆ దీపములో చమురు నిజముగా పడుచున్నదో లేదో చూచుకొనుట చదువుకొన్నవారి ధర్మము.